ఆవిరిగది మచ్చ

ఫోను పెట్టేసి రిమ్విదస్ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "నన్ను చెట్లు కొట్టే ముఠాకి మేస్త్రీని చేశారు స్కైస్టే! రేపే సంతకం. నెలకి రెండొందల యూరోలు ఎక్కువ!"

పెళ్లయి పదకొండు వారాలు. స్కైస్టేకి ఇంకా ప్రతి పొద్దూ కొత్తగానే ఉంది. బంగాళాదుంప అట్లు తిరగేస్తున్న గరిటెతోనే అతని మెడ చుట్టేసింది. అతను నవ్వితే ఎడమ బుగ్గన పడే సొట్ట కోసం చూసింది. సొట్ట పడలేదు. నవ్వు కుడివైపే ఆగిపోయింది.

"ఏదీ, కళ్లు మూసుకో."

"ముద్దు పెడతావా?"

"ముందు మూసుకో."

అతని కుడికన్ను మూతపడింది. ఎడమకన్ను ఆమెనే చూస్తోంది.

అత్త గెనొవైటే దగ్గరికొచ్చి తేల్చేసింది. "మూతికి చలిగాలి కొట్టిందర్రా. రెండు కిటికీలూ తెరిచి పడుకోవద్దంటే వింటారా కొత్త జంట! ఉన్ని శాలువా చుట్టు, తగ్గుతుంది."

స్కైస్టేకి గుర్తొచ్చింది. నెల కిందట, శనివారం ఆవిరిగదిలో అతని మోకాలి వెనక ఎర్రమచ్చ చూసింది. ఆవిరిస్నానంలో అలవాటుగా బిర్చ్ చెట్టు కొమ్మల కట్టతో అత్త ఒళ్లంతా బాదాక ఎవరికి మచ్చలు పడవు? "అమ్మ దెబ్బ గట్టిది" అని అతనూ నవ్వాడు. మరుసటి శనివారానికి అది అరచేతంత అయింది. నడుమ ఎరుపు తేలిపోయి, చుట్టూ వలయంలా. దురద లేదు, నొప్పి లేదు. దాన్నీ కొమ్మల కట్టకే అంటగట్టారు. తర్వాత రెండు రోజులు జ్వరం, మెడ పట్టేయడం, ఎంత పడుకున్నా తీరని నీరసం. చెట్లు కొట్టేవాడికి అలసట ఉండదా అనుకున్నారు.

"మోకాలి వెనక మచ్చ గుర్తుందా అత్తయ్యా? కొమ్మలు అంత గుండ్రంగా కొడతాయా? అది పిడుదు కరిచిన మచ్చ. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు, ముదిరితే మూతి ఇలా వంకర పోతుంది."

"ఈ అడవిలోనే పుట్టినదాన్ని, పిడుదు నాకు తెలీదా? వీడి ఒంటిమీద ఎప్పుడూ కనబడలేదే!"

"పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. కరిచి రాలిపోయినా తెలీదు."

రిమ్విదస్ బల్ల దగ్గర కూలబడ్డాడు. టీ తాగబోతే ఎడమ పెదవి పక్కనుంచి కారిపోయింది.

"రేపటి కాగితంలో ఓ మాట ఉంది" అన్నాడు. "అడవి పనివల్ల నాకు ఏ జబ్బూ రాలేదని. సంతకం పెట్టకపోతే ఆ పనికి వెనక నలుగురున్నారట."

ఫోను మళ్లీ మోగింది. చెట్లు కొట్టించే గుత్తేదారు మనిషి జిగ్మస్. "ఏం మేస్త్రీ గారూ, విందెప్పుడు? రేపు సంతకానికి ఏడింటికల్లా వచ్చెయ్."

రిమ్విదస్ భార్య వైపు చూశాడు. "ఆ కాగితం మీద సంతకం పెట్టను." మాట ముద్దగా వచ్చింది.

"తాగావేంట్రా?"

"లేదు. మూతి వంకర పోయింది."

స్కైస్టే ఫోను అందుకుంది. "రేపు ఆరింటి బస్సుకి ఆస్పత్రికెళ్తున్నాం. ఇది అడవి పనిలో పిడుదు కరిచి వచ్చిన జబ్బని డాక్టరు రాసిచ్చే కాగితంతో అట్నుంచే మీ దగ్గరికొస్తాం. ఈలోగా ముఠాలో అందర్నీ మోకాళ్ల వెనక ఇలాంటి మచ్చ ఉందేమో చూసుకోమనండి."