నీళ్ళు వంచిన పప్పు

మొన్న "ఏమ్మే, పల్యం ఇంతేనా?" అని మా అత్త సరోజమ్మ తన కొడుకు పళ్ళెంలోకి తొంగిచూసి అడిగింది. నా పళ్ళెంలోకి ఆమె ఎప్పుడూ తొంగిచూడలేదు.

మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు బస్సారే. కందిపప్పు, ఆకుకూర కలిపి ఉడికించి నీళ్ళు వంచేస్తాం. ఆ నీళ్ళకు మసాలా నూరి కలిపితే సారు. అడుగున మిగిలిన పప్పూ ఆకూ తాలింపు వేస్తే పల్యం. పప్పు చౌకగా ఉన్నప్పుడు పల్యం అందరికీ వచ్చేది. ధర ఎక్కేకొద్దీ ఒక గుప్పెడు తగ్గించాను, తర్వాత ఇంకో గుప్పెడు. తగ్గిందల్లా నాదే.

"ధరలు నేను పెంచినానా? అడ్జస్ట్ చేసుకోవల్ల" అంటాడు మా ఆయన మునిరాజు. నగర్తపేటలో దారాల అంగట్లో పని. సాయంత్రం అక్కడే బజ్జీలు తిని వస్తాడని చొక్కా వాసనే చెబుతుంది. నేను గార్మెంట్స్‌లో పొద్దంతా మిషను ముందు కూర్చుంటాను. నా జీతం ఇంటి సామాన్లకే పోతుంది. నేను కొన్న పప్పు నాకు దక్కదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మూడేళ్ళుగా దీన్ని నా మంచితనం అనుకున్నాను. ఎంత సర్దుకుపోయే మనిషి అని పక్కింటివాళ్ళంటే మురిసిపోయాను కూడా. థూ.

నిన్న మా అంబిక బడిలో ప్రార్థన దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల. టీచరు నన్ను పిలిపించి, "కళ్ళు చూడండి, ఎట్లా పాలిపోయినాయో. ఇంట్లో ఏం తింటాది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బిడ్డ చెప్పింది.

"నాకు పల్యం ఇష్టం లేదు మిస్. సారే ఇష్టం."

అది నేను రోజూ చెప్పే అబద్ధం. నన్ను చూసి నేర్చుకుంది.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం మునిరాజు కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి నేనూ అంబికా తింటున్నాం. రాగిముద్ద పక్కన పల్యం మా పళ్ళేల్లోనే ఉంది.

"మగోడు తినకముందే కూర్చుంటారా? ఇదేం పద్ధతి?" అత్త గొంతు లేచింది.

"సారు ఉండాది అత్తా. మీ ఇద్దరికీ చాలినంత ఉండాది."

"తలకెక్కిందా నీకు? నా పల్యం ఏదీ?" అన్నాడు మునిరాజు.

"బిడ్డ తింటా ఉండాది."

నేను ముద్ద ఆపలేదు. అంబిక చెయ్యి మాత్రం ఆగిపోయింది, వాళ్ళ నాన్న ముఖం చూస్తూ. తినమన్నాను. తల వంచుకుని తింది. కాసేపటికి గొణిగింది.

"అమ్మా, ఇంకొంచెం."

బుద్ధెరిగాక ఆ పిల్ల నన్ను ఇలా అడగడం ఇదే మొదలు. గిన్నె గీకి మొత్తం దాని పళ్ళెంలో వేశాను. మునిరాజు నిలబడే ఉన్నాడు. నిలబడనీ.