వెల్లకిల పడ్డ చేప

పట్టపగలే కాంట్రాక్టరు మనిషి గోదాము గోడ మీదినుంచి నీలం డ్రమ్ములోని ఘాటు మందును మురికి నాలాలోకి వంచేశాడు. అవతల ఒడ్డున అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు చాయ్ తాగుతున్నారు. ఇవతల బస్తీ ఆడవాళ్లు బట్టలు ఆరేస్తున్నారు. నురగ పొంగింది. ఖాళీ డ్రమ్మును వాడు గేటు బయటికి దొర్లించాడు.

"తీస్కపోండమ్మా, గోదాము సేటు ఫ్రీగ ఇస్తుండు. నీళ్లు పట్టుకోండి."

బట్టలు ఆరేస్తున్న నర్సింహమ్మ చేతిలోని చీర వదిలేసింది. మొన్న తనూ అలాంటి డ్రమ్మే తెచ్చుకుంది. దాని మీద చేప బొమ్మ ఉంటే, చేపలోళ్ల డ్రమ్మేలే అనుకుంది. "మృగశిర నాటి చేప మందు డ్రమ్మేమో, దమ్ము, ఆయాసం గూడ తగ్గుతది," అని పక్కింటి తిమ్మమ్మ నవ్వింది కూడా. ఇద్దరూ బూడిద పెట్టి తోమారు. కడుపుతో ఉన్న కూతురు సరిత ఆ నీళ్లే పోసుకుంటోంది. ఇప్పుడు దాని చేతుల మీద తోలు పొరలు పొరలుగా లేస్తోంది. చేతులే ఇట్లయితే లోపలి పసిగుడ్డు ఎట్లుందో?

ఇంటికి పోయి నీళ్లు పారబోసి, డ్రమ్ము నెత్తినెత్తుకుని కోచింగ్ పిల్లల దగ్గరికి ఉరికింది.

"బిడ్డా, ఇది ఏం చేప? జర చూసి చెప్పు."

గ్రూప్స్‌కు చదువుతున్న భాను బొమ్మ చూసి చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇది ఈదే చేప కాదు పెద్దమ్మా. వెల్లకిల పడి సచ్చింది. పక్కన ఎండిన చెట్టు చూడు. నీళ్లల్ల కలిస్తే జీవాలు సస్తయని గుర్తు."

"మరి మనుషులు?"

భాను సంచి భుజానికి వేసుకుని లేచింది. సరితను దవాఖానకు తీసుకుపోయారు. ఏ మందు తగిలిందో పేరు తెలిస్తేనే వైద్యం సాగుతుందన్నాడు డాక్టరు. డ్రమ్ము మీద పేరున్న భాగం గీకేసి ఉంది. గోదాములో అడిగితే గేటు మూశారు.

బస్తీ, విద్యార్థులు కలిసి ఫిర్యాదు చేస్తే కాలుష్య బోర్డు ఆఫీసరు వచ్చాడు. సీసాలో నాలా నీళ్లు పట్టి, ఎండకు ఎత్తి చూశాడు.

"ఇందుల చేపల్లేవు. నాచు గూడ లేదు. సచ్చెటందుకు జీవమే లేనప్పుడు హాని ఉందని ఎట్ల రాయాలె?"

పక్కనే ఉన్న కాంట్రాక్టరు క్రాంతికుమార్ నవ్వాడు.

"పేరేమో క్రాంతి, పనేమో పానాలు తీసుడు!" అని తిమ్మమ్మ అరిచింది.

గోదాములో మూటలు మోసే బుగ్గయ్య అడ్డమొచ్చాడు. "లొల్లి జెయ్యకుండ్రి. మా పని పోతది."

"పని పోతే ఇంకో కూలి అడ్డా మీద నిలబడ్తం బుగ్గన్నా. నా బిడ్డ కడుపు పోతే ఏ అడ్డా మీద దొరుకుతది?"

బుగ్గయ్య మూటతో గోడవారకు తప్పుకున్నాడు. నర్సింహమ్మ ఆఫీసరు వైపు తిరిగింది.

"చేపల్లేవంటివి గద సారూ. ఈ ఒడ్డుకు బతికేటోళ్లం మేమున్నం. మమ్ముల రాసుకో."

ఆమె గేటుకు అడ్డంగా కూర్చుంది. తిమ్మమ్మ కూర్చుంది. భాను పుస్తకాల సంచి దించి కూర్చుంది. బస్తీ అంతా కూర్చుంది. "మందు పేరు చెప్పాలె!" అన్న కేక చిక్కడపల్లి రోడ్డు దాకా పోయింది.

ఆ కేక ఆగకముందే పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై నర్సింహమ్మ చెయ్యి పట్టి లేపాడు.

"నీ పేరేంది?"

"ముందు ఆ కాంట్రాక్టరును మందు పేరు చెప్పుమను. తర్వాత నా పేరు చెప్త."

తిమ్మమ్మను అడిగాడు. అదే జవాబు. భానుదీ అదే. వ్యాను నిండింది. అయినా గేటు ముందు జనం తరగలేదు.

ఎస్సై చెమట తుడుచుకుని గోడవారగా నిలబడ్డ మనిషిని పిలిచాడు.

"నువ్వు గోదాము మనిషివే గదా. నీ పేరు చెప్పు."

బుగ్గయ్య భుజం మీది మూట కింద పడేసి, గేటు ముందు కూర్చున్నాడు.

"ముందు మందు పేరు, సారూ."