రెండు రౌటర్ల పంతం

మా ఊరి ఆసుపత్రి రెండు భవనాలకూ నెట్‌వర్కు కలిపింది నేనే. కావాలంటే మా ఆవిడను అడగండి.

ఆ ఉదయం ఆవిడ తలకు స్కాన్ తీశారు. ఆ బొమ్మలు అవతలి భవనంలోని సర్జన్‌గారికి చేరితేనే ఆపరేషన్ సంగతి తేలుతుంది. చేరలేదు. ఇటువైపు పాత రౌటరు కాలిపోయి కొత్తది పెడితే, అది అవతలి రౌటరుతో పలకడం లేదట.

నెట్‌వర్కు బాగుచేయడానికి వచ్చిన అమ్మాయి వరండాలో నేలమీద కూర్చుని లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది.

"ఏమ్మా, ఆ రెండూ అత్తాకోడళ్ళా, మాట్లాడుకోవు?"

"అలాగే ఉన్నాయి తాతయ్యా. రెండింటికీ ఒకే ఏరియా నంబరు ఇస్తేనే ఒకదానికొకటి దారులు చెప్పుకుంటాయి. చూసి చూసి నా కళ్ళు పోయాయి. అవతలి రౌటరు వివరాలు రాసిన ఈ కాగితం కాస్త చదివిపెట్టండి."

చిన్నప్పుడు బళ్ళో మా పంతులుగారు నేర్పినట్టు గొంతెత్తి, ఒక్కో అంకెనూ విడదీసి చదివాను. "ఏరియా, సున్నా."

ఆమె వేలు ఆగింది. "నేను ఒకటి కొట్టాను."

సరిచేసిన నిమిషానికల్లా బొమ్మలు వెళ్ళాయి. సర్జన్‌గారు పరుగున వచ్చి నాకు చేయి కలిపారు. మధ్యాహ్నమే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు మా ఆవిడ నన్ను మునుపటిలాగే తిట్టగలుగుతోంది.

నిజానికి నేను చదివింది ఒక్క కాగితం. తిండి మానేసి మూడు గంటలు నేలమీద కూర్చున్నది ఆ అమ్మాయి. అయినా "తాతయ్యే పట్టుకున్నారు" అని అందరికీ చెప్పింది. ఆమెకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

సర్జన్‌గారు చేయి కలపడం మాత్రం నా కల్పన. వచ్చింది నర్సమ్మ. "ఇది ఆసుపత్రి తాతగారూ, బడి కాదు, మెల్లిగా చదవండి" అని వెళ్ళింది.