కిటికీ పక్క మంచం

నర్సుగా ముప్పై ఏళ్ల సర్వీసు నాది. వార్డులో నా గొంతు వినిపిస్తే కుర్ర డాక్టర్లు కూడా సర్దుకుని నిలబడతారు. రోగుల్ని పేర్లతో పిలవడం నాకు అలవాటు లేదు. మంచం నంబరే పేరు.

ఏడో నంబరు ముసలాయనకు కిటికీ కావాలి. "గాలాడట్లేదమ్మా" అని పొద్దున్నుంచీ ఒకటే నస. కిటికీ పక్కనున్న తొమ్మిదో నంబరాయనకేమో ఎండ పడదు. "సరే, మారి చావండి, నా ప్రాణం తియ్యకండి" అని ఇద్దర్నీ అటూ ఇటూ మార్చాను. దుప్పట్లు మార్చాను, నీళ్ల సీసాలు మార్చాను. మంచాలకు వేలాడే కేసు షీట్లు మార్చడం మరిచిపోయాను. ఏడో మంచం షీటు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది, పెన్సిలిన్ పడదని.

గంట తర్వాత కొత్త నర్సు తొమ్మిదో మంచం షీటు చూసి, ఎండ పడనాయనకు రాసిన పెన్సిలిన్ సూది ఇప్పుడు ఆ మంచం మీదున్న ముసలాయనకు పొడిచింది. పది నిమిషాల్లో గొంతు వాచి, ఊపిరాడక, మా చేతుల్లోనే పోయాడు.

"పేరు అడిగి చావలేదా?" అని ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాను.

"మీరే కదక్కా," అంది. "పేర్లు అడుగుతూ కూర్చుంటే పని తెమలదు, నంబరు చూసి కానిచ్చెయ్ అన్నారు."

అన్నాను. రోజూ అంటాను.

పెద్ద డాక్టరు తలుపు మూశాడు. "గుండె ఆగిందని రాద్దాం. డెబ్భై రెండేళ్లు, ఎవరూ అడగరు. కాదంటే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, మీదీ పోతుంది."

తలూపాను. సిగ్గు లేకుండా తలూపాను.

సాయంత్రం ఆయన భార్య వచ్చింది. ఏడ్చి ఏడ్చి, నా చేతులు పట్టుకుంది. "పొద్దున ఫోన్ చేశాడమ్మా. పెద్ద నర్సమ్మ తిడుతూనే కిటికీ పక్కకి మార్చిందే, నోరే గానీ మనసు వెన్న అన్నాడు. నీ కడుపు చల్లగుండ, చివర్లో కాస్త గాలైనా పీల్చుకుని పోయాడు."

పెద్ద డాక్టరు నా వెనక దగ్గాడు.

"గాలి అందకే పోయాడమ్మా," అన్నాను. "మంచం మార్చింది నేను. షీటు మార్చనిదీ నేనే." ఎర్ర సిరా సంగతితో సహా అంతా చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఆయన పేరేంటో తెలుసా నీకు?" అని అడిగింది.

నేను షీటు కోసం చెయ్యి చాచాను.