ఈశాన్యం పల్లం

నేను ఒక గొట్టాన్ని. తిట్టడానికి తప్ప నా పేరెవరూ తలుచుకోరని తెలుసు. అయినా వినండి. అరవై అడుగుల పొడవు, ఇటునుంచి చూస్తే అటు కనిపించే ప్లాస్టిక్ ఒళ్లు. నరసరావుపేటలో నన్ను అమ్మిన కొట్టువాడు, ఇతనెవరో చెట్లకు నీళ్లు పెట్టుకుంటాడు కాబోలనుకున్నాడు. కొన్నవాడు సైదులు మేస్త్రి. నాలో నీళ్లు నింపి, బొటనవేలితో తట్టి బుడగలు తీసేసి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస భార్య అంకమ్మ చేతికిచ్చాడు. నీళ్లు కాసేపు ఊగి రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలబడ్డాయి. అక్కడ గోడమీద పెన్సిలు గీత పెట్టారు. అంతే నా ఉద్యోగం. మధ్యలో ఎన్ని గోడలున్నా మట్టం చెప్పేస్తాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, మనుషులకున్నంత తెలివి లేదు మరి.

సైదులు ఒకసారికి ఒక ఇల్లే ఒప్పుకునేవాడు. పునాది రాయి నుంచి పిట్టగోడ దాకా తాపీ ఆయన చేతిలోనే ఉండేది. బోర్డు లేదు, కార్డు లేదు. "ఫలానా వీధిలో నేను కట్టిన ఇల్లుంది, పోయి చూసుకోండి" అనేవాడు. ఒక ఇంటి మంచిపేరు మీదే ఇంకో ఇల్లు వచ్చేది. ఒక్క ఇంటికి మాటొస్తే ఆయన పొయ్యి ఆరిపోయినట్టే.

పాండురంగం మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఫోనులోనే ఇళ్లు కట్టే కాంట్రాక్టర్లతో విసిగిపోయి, సైదులు కట్టిన నాలుగు ఇళ్లు తిరిగి చూసి మరీ వచ్చారు.

"నాది ఒకటే షరతు సైదులూ. ప్రతి ఇటుకమీదా నీ చెయ్యే పడాలి."

"ఇంకో రకంగా జెయ్యటం నాకు రాదు మాస్టారూ."

ఆ స్థలానికి వీధీ, మురుగుకాలవా నైరుతి వైపున్నాయి. వెనక ఈశాన్యం మూల మెరక. నీళ్లు వాటంతట అవే కాలవలో పడేట్టు సైదులు పునాది వేశాడు. గోడలు లేచి స్లాబు పడ్డాక ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి పెదవి విరిచాడు. ఈశాన్యం పల్లంగా ఉండాలట. లేకపోతే యజమానికి గండమట. మాస్టారు ముందు గదుల్లో మట్టి నింపి గచ్చు ఎత్తు చేయమన్నారు, వెనక గదులూ పెరడూ తవ్వి దించమన్నారు.

"కాలవ ఇటుంది మాస్టారూ. నీళ్లని అటు తోలితే అయ్యి యాడికి బోతయ్?" అన్నాడు సైదులు.

"శాస్త్రం మనకంటే పెద్దది. పూచీ నాది, నువ్వు చెయ్యి" అన్నారు మాస్టారు. నీరు తన మట్టం తానే వెతుక్కుంటుందని ఏటేటా తొమ్మిదో తరగతికి పాఠం చెప్పే మనిషి ఈయనే.

అంకమ్మ నా కొస పట్టుకోనంది. "ఇల్లు ఆయనది. పేరు మాత్రం మనది. వొదిలేసి పోదాం పదయ్యా."

"సగంలో ఇల్లొదిలేసి పోయినోడని అనిపించుకోను" అన్నాడు సైదులు. ఆ మాటకు ఆయనమీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఎంత వాలు కావాలో నన్నే అడిగి, ఆ తప్పును అంగుళం తేడా రాకుండా కట్టాడు.

గృహప్రవేశమైన నెలకు ముసురు పట్టింది. పెరట్లో పిక్కల్లోతు నీళ్లు, దేవుడి గదిలో చీలమండలదాకా. సైదులును పిలిపించేసరికి చుట్టుపక్కలవాళ్లంతా చేరారు. తన తరువాతి ఇల్లు సైదులుకే ఇస్తానన్న మిల్లు గుమస్తా కూడా వాళ్లలో ఉన్నాడు. మాస్టారు సిద్ధాంతి పేరెత్తలేదు, పూచీ ఊసెత్తలేదు.

"అంతా ఆయన చేత్తోనే కట్టాడండీ. ప్రతి ఇటుకా. కూలివాళ్లమీద నెట్టడానికైనా లేదు" అన్నారు.

గుమస్తా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అంకమ్మ నోరు తెరవబోతే సైదులు చెయ్యి పట్టుకుని ఆపాడు. నా ఒక కొస దేవుడి గదిలో ముంచి, నన్ను ఇల్లంతా దాటించి, రెండో కొస, ఇప్పటికీ అన్నిటికంటే పల్లంలోనే ఉన్న వీధికాలవ దగ్గర నోట పెట్టుకుని గట్టిగా పీల్చాడు. నోరంతా మురికినీళ్లు. ఉమ్మేసి, ఆ కొసను కాలవలో పడేశాడు. నీళ్లు పారడం మొదలుపెట్టాయి.

"దీన్ని ఈడే ఉంచుకోండి మాస్టారూ. మీకు కావాల్సొస్తది" అని అంకమ్మను తీసుకుని వెళ్లిపోయాడు.

మూడేళ్లయింది. పెరటి మేకుకు వేలాడుతున్నాను, లోపల పాచి పట్టింది. సైదులు ఇప్పుడొక ఇస్త్రీ చొక్కా కాంట్రాక్టరు దగ్గర ఇటుకలు అందిస్తున్నాడని ముందుగదిలో అనుకుంటుంటే విన్నాను. తాపీ ఆయన చేతికివ్వరట.

ప్రతి వానకూ మాస్టారే నన్ను నోట పెట్టుకుని పీలుస్తారు, ఉమ్ముతారు. మొన్నటి వానలో వచ్చిన చుట్టం ఒకాయన నన్ను చూపించి ఇదేమిటని అడిగాడు.

"మా మేస్త్రి వదిలేసి పోయాడు" అన్నారు మాస్టారు, మూతి తుడుచుకుంటూ. "మంచివాడే పాపం. ప్రతిదీ స్వయంగా చేసేవాడు. మట్టం చూడటం ఒక్కటే రాదు."

అప్పుడు నా కొస ఆయన చేతిలోనే ఉంది.