నలభై ఐదు దగ్గర ఆగిన కుర్చీ

వీధిలో అతన్ని అందరూ హడావుడి అనే పిలిచేవారు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు అతనిది. టీ గ్లాసు చేతికిస్తే సగం తాగి ఎక్కడో పెట్టి, మిగతా సగం కోసం కొట్టంతా వెతుక్కునే మనిషి. అలాంటివాడు వానాకాలమంతా ఒకే పని పట్టుకు కూర్చున్నాడంటే, అది అక్క అడిగిన పని కాబట్టే.

అక్కకి నడుము కింద పట్టు పోయి నాలుగేళ్ళయింది. కత్తెర పట్టిందంటే మాత్రం ఆమెకి తిరుగులేదు. ఎత్తు మీదున్న యూనిఫారాల కార్ఖానాలో కట్టింగు పని ఇస్తామన్నారు. యజమాని ఒక్కటే అడిగాడు, "రోజూ ఎవరు తీసుకొస్తారమ్మా?" అని. "ఎవరూ తీసుకురారు, నేనే వస్తాను," అని మాటిచ్చేసి ఇంటికొచ్చింది.

"ఒరేయ్, ఈ చక్రాల కుర్చీకి మోటారు పెట్టు. నువ్వు తోయకుండా నేను ఆ ఎత్తెక్కాలి," అంది తమ్ముడితో.

మోటార్లు పాత సామాన్లలో దొరికాయి. చిక్కంతా వాటికి కరెంటు వదిలే ట్రాన్సిస్టర్లతోనే వచ్చింది. కుర్చీ ఎత్తెక్కేటప్పుడు మోటారు గటగటా కరెంటు తాగుతుంది. ట్రాన్సిస్టర్లేమో టపటపా పేలిపోయేవి. వేడి లాగేసే, రెక్కలున్న అల్యూమినియం దిమ్మకి వాటిని బిగించాడు, మధ్యలో తెల్ల పేస్టు పూశాడు, ఫ్యాను పెట్టాడు. అయినా కాలిన వాసన వదల్లేదు. కొట్టులో అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి పట్టుకున్నాడు, లోపం చల్లబరచడంలో లేదని. ట్రాన్సిస్టరు తలుపులాంటిది. బార్లా తెరిచినా, గట్టిగా మూసినా దానికేం బాధ లేదు. ఓరగా తెరిస్తేనే జనం ఒకరినొకరు తోసుకుంటూ గుమ్మం విరగ్గొడతారు. ఇతగాడు ఆ తలుపు తెరిచే కాలుకి, అదే గేటుకి, చాలీచాలని కరెంటు ఇచ్చి నీరసంగా తెరుస్తున్నాడు. గేటుని గట్టిగా నెట్టే డ్రైవర్ చిప్ ఒకటి మధ్యలో పెట్టేసరికి, ఎంత లాగినా దిమ్మ గోరువెచ్చగానే ఉండిపోయింది.

గంతులెయ్యాల్సినవాడు ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

ఎందుకో దాచడం దేనికి? భయం పట్టుకుంది. ఆ ఎత్తు మీద లారీలు తిరుగుతాయి, మలుపులో గుంట ఉంది. అంతకన్నా లోపల, పైకి చెప్పుకోలేని భయం ఇంకోటుంది. నాలుగేళ్ళుగా ఆ కుర్చీ తోసింది తనే. రేపణ్ణించి అక్కకి తనతో పనేముంది? అందుకే, దిమ్మ మరీ వేడెక్కితే మోటారు ఆపేసే చిన్న కటాఫ్ ఒకటి తగిలించి, ఎనభై డిగ్రీల దగ్గర ఉండాల్సిన దాని మరని నలభై ఐదుకి తిప్పేశాడు. జాగ్రత్త కోసమేనని అక్కకి చెప్పి, తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఎత్తు సగం ఎక్కగానే కుర్చీ ఆగుతుందని మాత్రం ఆ మహానుభావుడికి బాగా తెలుసు.

పనిలో చేరే రోజు రానే వచ్చింది. అక్క బయల్దేరిన మరుక్షణం అతను కొట్టు మూసేసి, కాలుగాలిన పిల్లిలా ఆమె వెనకే నడిచాడు. ఆమె వేగం పెంచితే పెంచాడు, తగ్గిస్తే ఏ కరెంటు స్తంభం చాటుకో తప్పుకున్నాడు. ఎండ మండిపోతోంది. సరిగ్గా మలుపు దగ్గర మోటారు మూగపోయింది. అక్క చేతి బ్రేకు లాగింది. వెనకొస్తున్న లారీ హారన్ కొట్టింది.  అతను ఒక్క పరుగున వెళ్ళి కుర్చీ వెనక పిడులు పట్టుకుని పక్కకి లాగాడు. లారీ వెళ్ళిపోయింది.

"భయపడకక్కా, వేడెక్కినట్టుంది. నేను తోసేస్తాలే," అన్నాడు రొప్పుతూ.

"ఇంత త్వరగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావ్?"

 అక్క వంగి, సీటు పక్కనున్న దిమ్మ మీద అరచెయ్యి ఆనించింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి అది.

"ఈ వేడికి చేతిరుమాలు మడత కూడా పోదురా! ఆ కటాఫ్ ఎంతకి పెట్టావ్?"

"నలభై ఐదు."

"ఎంతకుండాలి?"

"ఎనభై."

అక్క ముఖం ఎర్రబడింది. "కాళ్ళు పోయినప్పుడు కూడా నాకింత కష్టమనిపించలేదు. లారీ కింద పడితే ఏం చేసేవాడివి? తోసేవాడివా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. "నువ్వెళ్ళిపోతే నాకేం తోచదక్కా," అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చేసింది. ఆమె ఓదార్చలేదు. మర వైపు చూపించింది, అంతే. అతను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, దాన్ని ఎనభైకి తిప్పాడు.

"సాయంత్రం కిందికి దిగేటప్పుడైనా రానా?"

"రాకు."

అక్క బ్రేకు వదిలింది. కుర్చీ కదిలింది, గుంటని తప్పించుకుంది, ఎత్తెక్కింది. అతని కాళ్ళు మాత్రం పరిగెత్తమని పీకుతూనే ఉన్నాయి. రెండు చేతులతో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పైన కార్ఖానా తలుపు తెరుచుకుంది, ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే తమ్ముడు ఆగలేడని ఆమెకి తెలుసు.