సీసాల మీద నల్లగుడ్డ

ఆ ల్యాబులో ఆకుముక్క నుంచి మొక్కను పుట్టిస్తారు. గాజుసీసాలో జెల్లీ పోసి, గోరంత ఆకుముక్క పెడితే మొలకెత్తాలి. పిచ్చుక పెట్టినవన్నీ నల్లబడి చచ్చాయి. సన్నగా ఉండి గలగలా వాగుతుందని ఆ రీసెర్చి పిల్లకి అందరూ తగిలించిన పేరది. ఆ ఉదయమే ఆఖరి విడత పెట్టింది. ఇదీ నల్లబడితే రెండేళ్ల పని నీళ్లపాలు, మళ్లీ మొదటికి.

దీనికి మందు పక్క బల్ల మీదే ఉంది. అక్కడ సీనియర్ తాళాలక్క సీసాలు పచ్చగా కళకళలాడుతుంటాయి. ఆమె బీరువాకు రెండు తాళాలు, నోటికి మూడోది. ఊరికే పడలేదు ఆ మూడోది. వెనకటి ప్రొఫెసరు పెద్దాయన అందర్నీ ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పేవాడు. ఒకసారి తాళాలక్క మీటింగులో ఉపాయం చెబితే తన పేరున అచ్చేసుకుని, ఆపైన "నువ్వింకా వెనకే ఉన్నావు" అని ఆమెనే తిట్టాడు. అలాంటి దొర కింద ఎవరు నోరు విప్పుతారు?

పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి కొత్త మేడమ్ వచ్చింది. ఆ రోజు పెట్టిన తన మొదటి మీటింగుకే చచ్చిన సీసాలు చంకన పెట్టుకొచ్చింది.

"ఇవి నావే. ఇంత అనుభవముండీ చూడండి, బొగ్గు! పిచ్చుకవీ ఇంతేనట. వెలుగు చాలట్లేదనుకుంటా. ఆమె అరలో ఇంకో రెండు ట్యూబులైట్లు బిగిద్దాం. ఏమంటారు?"

అలవాటుపడిన తలలన్నీ ఊగాయి. పిచ్చుక తలా ఊగింది.

తాళాలక్క పెన్ను కొరికింది. కుర్చీలో అటూ ఇటూ మెసిలింది. పక్కమనిషి పని పాడైతే ఓర్చుకుందేమో గాని, శుద్ధ తప్పుడు మాట కళ్లెదుటే చెల్లిపోతుంటే ఓర్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

"లైట్లా! ఇంకా తొందరగా మాడిపోతాయి మేడమ్! కోసిన ఆకు వెలుగుకే నల్లబడేది. మొదటి వారం చీకట్లో ఉంచాలి. నల్లగుడ్డ కప్పితే చాలు!"

అనేసి నాలిక్కరుచుకుంది. చీవాట్లకి మెడ వంచి కూర్చుంది.

మేడమ్ నవ్వేసింది. "హమ్మయ్య, ఆపావు! లేకపోతే ఆ పిల్లని నిండా ముంచేదాన్ని. పిచ్చుకా, లేవమ్మా, ముందు గుడ్డ కప్పిరా. పేపరు రాసేటప్పుడు ఈ ఉపాయం మీ తాళాలక్కదని పేరుతో సహా ఉండాలి."

"ఎన్నో పేరండీ?" తాళాలక్కకి ఇంకా అనుమానమే.

"నాకంటే ముందు. చాలా?"

నెల తిరిగేసరికి పిచ్చుక సీసాల్లో పచ్చటి మొలకలు. ఆ వారం మీటింగులో తాళాలక్క తనంతట తనే సీసా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"నావి మొలుస్తాయి గాని వేర్లు పట్టవు. ఏడాదిగా చస్తున్నా. తెలిసినవాళ్లుంటే చెప్పండర్రా."

పిచ్చుక గొంతు సవరించుకుంది. "వేర్లకైతే జెల్లీలో కలిపే పోషకాల ఉప్పులు సగానికి తగ్గించాలక్కా. పాత కాలేజీలో అలాగే చేసేవాళ్లం."

"ఓసి నీ! ఇన్నాళ్లూ తెలిసీ..."

"మీ పక్కనే కూర్చుని మీ గొణుగుడంతా వింటూనే ఉన్నా. తాళం మీకొక్కరికేనా ఉండేది?"

అందరూ ఘొల్లున నవ్వారు. తాళాలక్క పిచ్చుక వీపు మీద ఒక్కటిచ్చి, "లే, నడు, ఉప్పు తూచి చూపించు" అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మీటింగు సగంలోనే ఆగింది. తన బొగ్గుసీసా పట్టుకుని మేడమ్ కూడా వాళ్ల వెనకే నడిచింది.